గుటక పడని ఇంజన్

పోయిన వారం మనం చిన్నకోడల్ని నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాం. షెడ్డు తాళం సుత్తితో పగలగొట్టి మామగారి పాత కారు బయటికి తీసింది కదా, ఆ కారు వర్క్‌షాపు చేరేలోపే దారిలో ఆగిపోయింది. వెనకవాళ్లు హారన్లు మోగిస్తుంటే, తిట్లు తిడుతుంటే, ఆమె స్టీరింగు పట్టుకుని నవ్వుతూ కూర్చుంది. కారు ఆగిపోయినందుకు ఆ రోడ్డు మీద సంతోషించిన మనిషి ఆమె ఒక్కతే.

ఎందుకో పాత పాఠకులకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. రెండేళ్ల క్రితం ఇదే కారు నడుపుతూ ఆమె భర్త పెద్ద రోడ్డు మీదికి మలుపు తిప్పాడు. తల్లిని కంటి పరీక్షకు తీసుకెళ్తున్నాడు. సగం మలుపులో కారు తడబడి నిలిచిపోయింది. లారీ వచ్చి తల్లి కూర్చున్న వైపే కొట్టింది, ఆమె బతకలేదు. "యాక్సిలరేటర్ తొక్కాను నాన్నా, బండి కదల్లేదు," అని ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ చెప్పాడు. డ్రైవింగ్ స్కూలు పెట్టి సగం ఊరికి స్టీరింగు పట్టడం నేర్పిన మామగారు ఆ మాట చెవిన పెట్టలేదు. బండి మంచిదే, నడిపినవాడే వెధవ అన్నాడు. బ్రేకులు చూసి వెళ్లిన ఇన్‌స్పెక్టరు కూడా బండిలో లోపం లేదని తేల్చాడు. అప్పట్నుంచి మామగారు చిన్నకొడుకు చేత్తో ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. స్కూలు పెద్దకొడుకు చేతికి పోయింది. చిన్నకొడుకు స్టీరింగు వదిలేసి, గోడౌన్‌లో పెట్టెల మీద చీటీలు అంటించే పనిలో చేరాడు. మొదట్లో "బండి కదల్లేదు" అని అందరికీ చెప్పేవాడు. తర్వాత కొందరికే చెప్పాడు. ఈమధ్య భార్య అడిగితే, "ఏమో, నా కాలే క్లచ్ మీద జారిందేమో," అన్నాడు.

ఆ 'ఏమో' విన్న రోజే చిన్నకోడలు సుత్తి వెతుక్కుంది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని నాలుగు వీధుల బట్టలు కుట్టే మనిషి, గొడవలకు పోయే రకం కాదు. ఆమెకు కావలసింది ఒక్కటే. మామగారు తన భర్త ముఖంలోకి చూసి "నీ తప్పు కాదురా" అనాలి. ఆ మూడు ముక్కల కోసమే ఇంత రభస.

వర్క్‌షాపు యజమాని ఆమెకు వరసకు అన్న. ఊరంతా అతన్ని 'నిదానం' అంటారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. పొద్దున ఇచ్చిన బండికి సాయంత్రం దాకా బానెట్టు కూడా ఎత్తని అతని ఘనత చూసి, కడుపు మండిన కస్టమర్లు పెట్టారు. తన గొప్ప తను చెప్పుకోవడంలో మాత్రం ఏ నిదానమూ ఉండదు.

"రోగం నాకు ఎప్పుడో తెలిసిపోయింది చెల్లీ," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "చప్పుడు వింటే చాలు నాకు. కాలు తొక్కగానే కార్బురేటర్లో ఒక చుక్క పెట్రోలు ఎక్స్‌ట్రా చిమ్మాలి. దానికో బుల్లి పంపు ఉంటుంది. అది పోయింది. చిమ్మట్లేదు, అందుకే తడబడుతోంది. మార్చి పడేస్తే గుర్రంలా పోతుంది."

మార్చి పడేశాడు. దానికే మధ్యాహ్నం అయింది. ఇద్దరూ కారెక్కి వీధి చివరిదాకా వెళ్లారు. మలుపు దగ్గర కారు ఒకసారి ఎక్కిళ్లు పెట్టి, రెండోసారి కుదిపి, ఆగిపోయింది. నిదానం స్టీరింగు పట్టుకుంటే చిన్నకోడలు వెనకనుంచి తోసుకుంటూ వచ్చింది. మామూలుగా అయితే తోసేది అతను కావాలి, కానీ అన్నగారికి నడుంనొప్పి.

"గుర్రం పడుకుంది," అందామె, ఆయాసపడుతూ.

"పాత బండన్నాక సవాలక్ష రోగాలుంటాయి. ఒకటి పోయింది, ఇంకోటి ఉంది."

"ఆ ఒకటైనా ఉందో లేదో చూశావా? పాత పంపు తీసే ముందు అది చిమ్ముతోందో లేదో చూశావా అన్నయ్యా?"

నిదానం తీసి పారేసిన పాత పంపును డబ్బాలోంచి వెతికి తెచ్చి మళ్లీ బిగించాడు. గాలి ఫిల్టరు విప్పి, కార్బురేటరు గొంతులోకి టార్చి వేసి, థ్రాటిల్ లాగి చూశాడు. పెట్రోలు సన్నని ధారగా చక్కగా చిమ్మింది. మళ్లీ లాగాడు, మళ్లీ చిమ్మింది. అతని ముఖం మాడిపోయింది.

"అన్నయ్యా, చొక్కా బిగుతుగా ఉందని ఎవరైనా నాతో అంటే ముందు టేపు పెట్టి కొలుస్తాను. కత్తెర తర్వాత."

"సరేలే, నీ కుట్టుపాఠాలు నాకు చెప్పకు," అని విసుక్కున్నాడు గానీ, ఆ మాట పనిచేసింది. అక్కణ్ణుంచి ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు.

ముందు స్పార్కు ప్లగ్గులు విప్పి చూశాడు. నిప్పురవ్వ గట్టిగానే పడుతోంది. పెట్రోలు ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే అవుతుందని మూత తీసేసి నడిపాడు. అయినా తడబాటు పోలేదు. అప్పుడు కార్బురేటరుకు పెట్రోలు తెచ్చే పైపు ఊడదీసి, దాని కొస ఒక గాజు సీసాలో పెట్టి, చెల్లెల్ని తాళం తిప్పమన్నాడు. ట్యాంకులోంచి పెట్రోలు లాగే పెద్ద పంపు టకటకమంది. సీసాలోకి పెట్రోలు ధారగా పడింది. కాసేపటికి ధార సన్నబడి, దారమంత అయ్యి, చివరికి చుక్కలు మిగిలాయి. ట్యాంకులో చూస్తే సగానికి పైగా ఉంది.

"కాస్త ఆపు. కాసేపాగి తిప్పు," అన్నాడు.

ఆగి తిప్పింది. మళ్లీ మొదట్లో లాగే లావుగా ధార. మళ్లీ సన్నబడింది. నిదానం మాట్లాడటం మానేశాడు. అతను నోరు మూసుకున్నాడంటే ఏదో దొరికిందని చిన్నకోడలికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఒక డబ్బాలో కొత్త పెట్రోలు పోసి, కారు సొంత ట్యాంకుతో పని లేకుండా, డబ్బాలోంచి తిన్నగా పంపుకు ఇంకో పైపు కలిపాడు. డబ్బాను బానెట్టు పక్కన తీగతో గట్టిగా కట్టాడు. ఈసారి చిన్నకోడలే నడిపింది. వీధి చివరి మలుపు దాటింది, ఎత్తు ఎక్కింది, కావాలని సగంలో వేగం తగ్గించి కాలు పూర్తిగా తొక్కింది. కారు దగ్గు కూడా దగ్గలేదు.

తిరిగొచ్చాక దిగకుండా అలాగే కూర్చుంది.

"పంపు బాగుంది. కార్బురేటరూ బాగుంది. రోగం వెనకాల ఎక్కడో ఉంది," అన్నాడు నిదానం. "కాసేపు బానే వస్తుంది, తర్వాత ఏదో అడ్డం పడుతుంది. ఇంజన్ ఆగగానే ఆ అడ్డం తొలిగిపోతుంది. మళ్లీ స్టార్టవుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి తాళం తిప్పినప్పుడు బండి భేషుగ్గా స్టార్టయి ఉంటుంది. వాళ్లకేం తెలుస్తుంది?"

"అయితే ఆయన కాలు జారలేదు."

"జారడమేంటి? ఇంజనుకి గుటక పడనప్పుడు కాలు ఎంత తొక్కితే ఏం లాభం?"

ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషం కంటే కోపమే ఎక్కువ ఉంది అందులో. సీసా పెట్టి, డబ్బా కట్టి చూస్తే ఒక్క రోజులో తేలిన సంగతి. రెండేళ్లుగా ఇంట్లో ఒక్కరికీ చూడాలని తోచలేదు. నలిగిన తలుపు బాగుచేయించి బండిని షెడ్డులో పెట్టి తాళం వేశారు, మనిషిని మాత్రం రోజూ బయటపెట్టి తిట్టారు.

సరిగ్గా అప్పుడే స్కూలు కారు వచ్చి గేటులో ఆగింది. పైన బోర్డు, దాని మీద పెద్ద అక్షరాలు, వాటి కింద ఇంకా పెద్ద అక్షరాల్లో పెద్దకొడుకు పేరు. ఆయన దిగాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడు, ఇంకాస్త మర్యాద కలుపుతాడు.

"ఏంటమ్మాయ్ ఇది? అడిగితే తాళం నేనే ఇచ్చేవాణ్ణి కదా."

"అడిగాను బావగారూ. రెండుసార్లు. మీరు 'చూద్దాం' అన్నారు."

"సరే, జరిగిందేదో జరిగింది. బండి ఇంటికి తెచ్చెయ్. నాన్నకి తెలిస్తే ఊరుకోడు. తమ్ముణ్ణి మళ్లీ స్కూల్లోకి తీసుకుంటాను, సరేనా? వాడికి మలుపులు అవీ చెప్పే పని వద్దనుకుంటే ఆఫీసులో కూర్చుంటాడు." నిదానం వైపు తిరిగాడు. "మీరు కూడా పైపైన ఏం చూసుకుంటే చూసుకోండి. ట్యాంకు మాత్రం విప్పకండి."

నిదానం చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. కారు బానెట్టు ఇంకా ఎత్తే ఉంది. డబ్బా ఇంకా ముందువైపే వేలాడుతోంది. కింద ట్యాంకు ఉన్న వెనకసీటు ఎవరూ ముట్టుకోలేదు. ట్యాంకు అన్న మాట ఆయన వచ్చాక ఎవరి నోటా రాలేదు.

"ట్యాంకులో ఏముంది బావగారూ?" అంది చిన్నకోడలు.

"ఏముంటుంది? పెట్రోలు. పాత ట్యాంకు, విప్పితే మళ్లీ అతుక్కోదని అన్నాను."

"అన్నయ్యా, ట్యాంకు విప్పు."

"అమ్మాయ్, చెబుతున్నానా..."

"విప్పు అన్నయ్యా."

నిదానం ఆ ఇద్దరి ముఖాలూ చూశాడు. జీవితంలో మొదటిసారి గబగబా కదిలాడు. వెనకసీటు ఊడదీసి బయట పెట్టాడు. దాని కింద ఇనుప మూత, మూత కింద పెట్రోలు ఎంతుందో చూపే ముల్లుకు సంబంధించిన ఫ్లోటు. నాలుగు స్క్రూలు తీసి ఫ్లోటు పైకి లాగాడు. ఆవిరి గుప్పుమంది. ఒక ఇనుప కడ్డీ కొస వంచి కొక్కెం చేసి లోపల మెల్లగా తిప్పాడు. పెద్దకొడుకు ఆపలేదు. గోడ వైపు తిరిగి, అక్కడ వేలాడుతున్న ఫ్యాన్‌బెల్టుల్ని చూస్తూ నిలబడ్డాడు.

కొక్కేనికి ఏదో తగిలింది. జారిపోయింది. మళ్లీ తగిలింది. నిదానం ఊపిరి బిగబట్టి పైకి లాగాడు.

గుడ్డపేలిక. అరచేయంత ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, తుప్పు మరకలు పట్టి గోధుమరంగులోకి తిరిగింది. ఒక మూలకు పురికొస ముక్క ఇంకా వేలాడుతోంది.

"ఇదిగో, దొంగ దొరికాడు," అన్నాడు నిదానం. "ఇంజన్ లాగినప్పుడల్లా ఇది వెళ్లి పైపు మూతికి అతుక్కుంటుంది. లాగడం ఆగగానే వదిలేస్తుంది. ఎవడో పెట్రోలు తోడుతూ వదిలేశాడు. ఏ వెధవ పనో!"

చిన్నకోడలికి అది ఏ వెధవ పనో అప్పటికే తెలిసిపోతోంది, తెలియకుండా ఉంటే బాగుండునని కూడా అనిపిస్తోంది. ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. పెట్రోలు బంకుకు స్కూలు డ్రైవర్లను పంపితే దొంగలెక్క చెబుతారని మామగారి అనుమానం. అందుకని తన కారులో తనే పోయించుకొచ్చి, రోజూ పొద్దున్నే పైపు పెట్టి, నోటితో పీల్చి, స్కూలు కార్లకు కొలిచి పోసేవాడు. ట్యాంకులో తుప్పు రాకుండా పైపు కొసకు పలచటి గుడ్డ కట్టేవాడు. ఇంకెవర్నీ ఆ పైపు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆమె గుడ్డను చేతిలోకి తీసుకుని మూలలు సవరించింది. రెండు మూలల్లో చిన్న త్రికోణం కుట్టు ఉంది. దారం రంగు మారింది గానీ కుట్టు చెక్కుచెదరలేదు. చొక్కా లోపలి జేబు అది. మామగారు లైసెన్సు, తాళాలగుత్తి అన్నీ లోపలి జేబులోనే కుక్కుతాడు. బరువుకు మూలలు చిరిగిపోతున్నాయని ఆమే ఆ త్రికోణాలు వేయడం మొదలుపెట్టింది. లోపలి జేబున్న చొక్కాలు ఆమె ఇంకెవరికీ కుట్టలేదు. చొక్కా పాతబడితే అత్తగారు ఆ జేబులు కత్తిరించి, పెట్రోలు వడకట్టడానికి పనికొస్తాయని మామగారికి ఇచ్చేది. పాపం అత్తయ్య, తన చేత్తో కత్తిరించిన గుడ్డే.

"మీకు తెలుసు," అంది బావగారితో.

ఆయన తిరగలేదు.

"మీకు ముందే తెలుసు బావగారూ."

"ఆ రోజు పొద్దున నేను పక్కనే ఉన్నాను," అన్నాడు చివరికి, ఫ్యాన్‌బెల్టులతో మాట్లాడుతున్నట్టు. "పైపు బయటికి లాగితే కొసకు గుడ్డ లేదు. ట్యాంకు మూతి అంచుకు తగిలి ఊడినట్టుంది. నాన్న చూసుకోలేదు. నేను చూశాను. నేలమీద ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికి అమ్మ పోయింది."

"మరి తర్వాత? ఆయన ఆసుపత్రిలో బండి కదల్లేదని మొత్తుకుంటున్నప్పుడు?"

"అప్పుడు చెబితే ఏమయ్యేది? నాన్న ముఖం చూశావు కదా ఆ రోజు. నీ చేత్తోనే అమ్మని చంపుకున్నావని ఎలా చెప్పను? అమ్మ పోయింది, నాన్న కూడా పోవాలా?" ఇప్పుడు తిరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం పెరగలేదు. "ఎవరో ఒకరి మీద పడాలి. తమ్ముడు వయసులో ఉన్నాడు. మోస్తాడనుకున్నాను."

"మోయలేదండీ. తనే చంపాననుకోవడం మొదలుపెట్టాడు. నిద్రలో కాలు తొక్కుతుంటాడు తెలుసా మీకు? పక్కలో పడుకున్నదాన్ని, నా కాళ్లు కమిలిపోయేట్టు తొక్కుతాడు." గుడ్డను పిడికిట్లో బిగించింది. "పోనీ మామయ్యగారి ప్రాణం కోసమే నోరు మూసుకున్నారు, ఒప్పుకుంటాను. స్కూలు బోర్డు మీద తమ్ముడి పేరు చెరిపించి మీ పేరు ఒక్కటే రాయించింది కూడా ఆయన ప్రాణం కోసమేనా?"

పెద్దకొడుకు ముఖం ఎవరో చెంప మీద కొట్టినట్టు అయిపోయింది. జవాబుగా చెయ్యి చాపాడు.

"ఆ గుడ్డ ఇటియ్యమ్మా. చెత్తేదో అడ్డం పడిందని చెబుదాం. బండిదే తప్పని నేనే నాన్నకి చెబుతాను. తమ్ముడి మీద మచ్చ పోతుంది, నాన్నకీ ఏమీ తెలియదు. నీకు కావలసింది అదేగా?"

మంచి బేరమే. ఆమె ఒక్క క్షణం తటపటాయించిందని కూడా దాచను. చెత్త అంటే చాలు, ముసలాయన బతికిపోతాడు, తన భర్త నిద్రపోతాడు. గుడ్డ మీద ఆమె పిడికిలి కొంచెం సడలింది కూడా.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ముందు చేతికర్ర, తర్వాత మామగారు, ఆయన వెనకాల నాలుగడుగుల దూరంలో, ఎప్పుడూ నడిచే దూరంలోనే, ఆమె భర్త.

"ఎవరు తీశారు నా బండి?" మామగారు గేటు దగ్గర్నుంచే అరిచాడు. "మీ అత్త కూర్చున్న సీటది! దాన్ని ఊడదీసి మట్టిలో పడేస్తారా?"

వెనకసీటు అత్తగారు కూర్చున్నది కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన నేరుగా కారు దగ్గరికొచ్చాడు. తెరిచిన ట్యాంకు, ఫ్లోటు, వంచిన కడ్డీ, సీసాలో పెట్రోలు వరసగా చూశాడు. జీవితమంతా బండ్ల మధ్య బతికిన మనిషి. చూపు చివరికి కోడలి పిడికిలి మీద ఆగింది. వేళ్ల సందులోంచి పురికొస వేలాడుతోంది.

"ఏంటది?"

"ఏం లేదు నాన్నా, చెత్త..." పెద్దకొడుకు అడ్డం రాబోయాడు.

"నిన్నడగలేదు. ట్యాంకులోంచి వచ్చిందా? గుడ్డ కదూ? ట్యాంకులోకి గుడ్డ ఎలా వెళ్తుంది? ఎవడు పెట్టాడు?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. రోజూ తను చేసిన పని ఆయనకు తట్టనైనా తట్టలేదు. చిన్నకోడలు భర్త వైపు చూసింది. అతను గుడ్డనూ, పురికొసనూ చూస్తున్నాడు. అతనికి అర్థమైంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి అతని భుజాలు కిందికి దిగి, ఒళ్లు తేలికపడటం ఆమె కళ్లారా చూసింది. తన కాలు జారలేదని తెలిసిన మనిషి అలా ఉంటాడు. ఆ తర్వాత అతను తండ్రి వైపు చూశాడు. చేతికర్ర మీద వణుకుతున్న ఆ చేతిని చూశాడు. తేలికపడిన భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి.

"నేనే నాన్నా," అన్నాడు.

"ఏంటి?"

"ముందురోజు సాయంత్రం స్కూటర్లోకి కాస్త పెట్రోలు తోడుకున్నాను. మీకు చెప్పలేదు. వేరే పైపుకి నా పాత చొక్కా గుడ్డ కట్టాను, అది లోపల పడిపోయింది. అదీ చెప్పలేదు."

 పెద్దకొడుకు తల దించుకున్నాడు. తన తమ్ముడు వయసులో ఉన్నాడు, మోస్తాడు అన్న మాట ఇలా నిజమవుతుందని ఆయన కూడా అనుకోలేదు. మామగారు ఒక్కో అడుగూ వేసుకుంటూ చిన్నకొడుకు ముందుకొచ్చి నిలబడ్డాడు. ముఖంలో ముఖం పెట్టాడు. చిన్నకోడలు రెండేళ్లుగా ఎదురుచూసింది ఈ చూపు కోసమే, కానీ ఇలా కాదు.

"బండి కదల్లేదు, బండి కదల్లేదు అని నా ముందు ఏడ్చావు కదరా," అన్నాడాయన. "కదలకుండా చేసింది నువ్వే. మీ అమ్మని చంపి, ఆ పాపం బండి మీదికి తోశావు. ఇంకెప్పుడూ నన్ను నాన్నా అని పిలవకు."

చెయ్యి ఎత్తాడు. కొట్టలేక దించేశాడు. చిన్నకొడుకు కదల్లేదు. భార్య వైపు మాత్రం చూశాడు, వద్దని తల అడ్డంగా ఊపుతూ, కళ్లతోనే కాళ్లు పట్టుకుంటూ. ఆమెకు అతని మీద చచ్చేంత ప్రేమ, చంపేసేంత కోపం ఒకేసారి కలిగాయి. ఇన్నాళ్లూ ఇంకొకరు వేసిన నింద, ఇవాళ తనంతట తానే వేసుకున్నాడు. ఇక ఎవరు దించినా దించుకోడు.

మామగారు గేటు వైపు తిరిగాడు.

"మామయ్యగారూ," అని పిలిచింది.  పిడికిలి విప్పి, ఆ గుడ్డను కారు బానెట్టు మీద పరిచి, రెండు మూలలూ వేళ్లతో సాపు చేసింది. "వెళ్లేముందు ఒక్కసారి ఇటొచ్చి ఈ కుట్టు చూడండి. చూసి, మీరు తొడుక్కున్న చొక్కా లోపలి జేబు బయటికి తీయండి."